సెషన్లు సాగుతున్నా నీరసం తగ్గకపోతే

మేడమ్, 8 సెషన్లయినా మీ క్లయింట్‌కి నీరసం, మతిమరుపు తగ్గలేదని రాశారు కదా, ముందు మీ థెరపీని తప్పుపట్టుకోకండి. బరువు పెరిగింది, చలికి ఆగలేకపోతోంది, జుట్టు రాలుతోంది అన్నారు. ఈ మూడూ వింటే నాకు మొదట గుర్తొచ్చేది థైరాయిడే. డాక్టర్ని కలిసి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు తెలిపే రక్తపరీక్ష), హిమోగ్లోబిన్, విటమిన్ బీ12 పరీక్షలు చేయించుకోమనండి. శాకాహారి అయితే బీ12 అస్సలు వదలొద్దు.

పీహెచ్‌క్యూ-9లో (డిప్రెషన్ ఎంతుందో కొలిచే తొమ్మిది ప్రశ్నల పత్రం) 27కి 15 వచ్చిందన్నారు. అందులో నిద్ర, నీరసం, ఆకలి ప్రశ్నలకు ఒంటి జబ్బు వల్ల కూడా మార్కులు పడతాయి. కాబట్టి మొత్తం ఒక్కటే చూడకుండా ఏ ప్రశ్నకి ఎంత పడిందో చూడండి. చనిపోవాలనే ఆలోచన గురించిన తొమ్మిదో ప్రశ్నకి సున్నా కాకపోతే మాత్రం రిపోర్టుల కోసం ఆగొద్దు. అదే రోజు విడిగా మాట్లాడి, సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపండి.

డాక్టరుకి చీటీ రాసేముందు ఆవిడ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. లక్షణాలు, ఎన్నాళ్ల నుంచి, వాడుతున్న మందులు, మీ సందేహం: నాలుగు లైన్లు చాలు. ఇంటి గొడవలు అందులో అక్కర్లేదు. (నేను మొదట్లో రెండేసి పేజీలు రాసేవాణ్ణి, చదివినవాళ్లు లేరు.)

థైరాయిడ్ అని తేలినా సెషన్లు ఆపకండి. మందు మొదలెట్టాక 6-8 వారాలకి గానీ మళ్లీ టీఎస్‌హెచ్ చూడరు. ఈలోగా ఇంట్లో వాళ్లు ‘బద్ధకం’ అంటూనే ఉంటారు.