కోచ్ నమూనాల కోసం లక్షన్నర లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: సార్, నేను తిరుపతి రైల్వే క్యారేజ్ రిపేర్ షాపులో టెక్నీషియన్‌ని. వయసు 46. చేతికి 58 వేలు వస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 17 వేలు. పాప ఇంటర్ ఫస్టియర్. ఇంటి ఖర్చులు పోగా 9 వేలు మిగులుతుంది. అందులో ఐదు వేల దాకా నా సరదాకే పోతోంది. ఆదివారాలు ప్లాస్టిక్ షీటు కోసి 1:87 సైజులో, అంటే అసలులో 87వ వంతు, ఐసీఎఫ్ (చెన్నై ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) డిజైన్ రైలు కోచ్‌ల నమూనాలు కడతాను. ఒక్కోదానికి సామాను 1,800, పని 40 గంటలు. చెన్నై, బెంగళూరుల్లో కొందరు 4,500 ఇస్తామంటున్నారు. లక్షన్నర పర్సనల్ లోన్ తీసుకుని త్రీడీ ప్రింటర్, రంగు చల్లే ఎయిర్‌బ్రష్, విదేశీ చక్రాలు, కప్లర్లు (కోచ్‌లను ఒకదానికొకటి తగిలించే కొక్కేలు) కొని అమ్మకం మొదలుపెట్టాలని ఉంది. మా ఆవిడకు ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: లోన్ వద్దండి. కోచ్‌లు కట్టడం మాత్రం ఆపొద్దు. మీ ఇంట్లో ఈ రెండూ ఒకే విషయంగా కలిసిపోయాయి, టెన్షన్ అక్కడే వస్తోంది.

లక్షన్నరకు 13 శాతం వడ్డీ, మూడేళ్ల గడువు అనుకుంటే ఈఎంఐ దాదాపు 5,050 రూపాయలు. మీ లెక్క ప్రకారం కోచ్‌కు మిగిలేది 2,700. అంటే ఈఎంఐ కట్టడానికే నెలకు రెండు కోచ్‌లు అమ్మాలి, 80 గంటలు పని చేయాలి. ఆదివారాలన్నీ పొద్దున్నుంచి రాత్రిదాకా కూర్చున్నా మీకు దొరికేది అందులో సగమే. గంటకు పడే కూలి 67 రూపాయలు, అది కూడా ప్యాకింగ్, కొరియర్, దారిలో విరిగిన మెట్లు, ఊడిన బఫర్లు లెక్కలో వేయకుండా. ఆర్డర్లు తగ్గిన నెలలో కూడా ఈఎంఐ ఆగదు.

ఇంతకంటే ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది. మీరు రైల్వే ఉద్యోగి. రైల్వే సర్వీసెస్ కాండక్ట్ రూల్స్, 1966లో 15వ నిబంధన ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా సొంత వ్యాపారం చేయకూడదు. ఆవిడ పేరు మీద పెడదామని ఎవరైనా సలహా ఇస్తారు. కుటుంబంలో ఎవరు వ్యాపారం చేస్తున్నా ఆ సంగతి ఆఫీసుకు తెలియజేయాలని అదే నిబంధన చెబుతుంది. ఆ వ్యాపారం కోసం మీరు కొనేవాళ్లను వెతికిపెట్టడం కూడా తప్పే. ఇరవై ఏళ్ల సర్వీసును నాలుగు కోచ్‌ల కోసం ఇబ్బందిలో పెట్టుకోకండి. అమ్మాలనే ఉంటే ముందు రాతపూర్వకంగా అనుమతి అడగండి, అది చేతికొచ్చాకే ఒక్క రూపాయి అయినా తీసుకోండి.

అనుమతి వచ్చినా జీఎస్టీ ఉంటుంది. తిరుపతి వాళ్లకు ఇది మరీ ఇరకాటం. మనకు హైదరాబాద్ కంటే చెన్నై, బెంగళూరే దగ్గర, మీ కొనుగోలుదారులూ అక్కడే ఉన్నారు. కానీ సరుకు రాష్ట్రం దాటితే మామూలుగా టర్నోవర్ ఎంత చిన్నదైనా రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. నెలకో కోచ్ అమ్మేవాళ్లకు రిటర్నులు వేయించే ఖర్చే లాభాన్ని తినేస్తుంది.

ఇక సరదా విషయం. మీ లిస్టులో ప్రింటర్ నాకు అవసరం అనిపించలేదు. ఐసీఎఫ్ కోచ్‌లో ఒకే కిటికీ, ఒకే బోగీ ఫ్రేమ్ (కోచ్ కింద చక్రాలు ఉండే చట్రం), ఒకే వెంటిలేటర్ మళ్లీ మళ్లీ వస్తాయి. ఒక బోగీ పక్క ఫ్రేమ్‌ను మాస్టర్‌గా, అంటే మూల నమూనాగా, శ్రద్ధగా చెక్కి, సిలికాన్ రబ్బరుతో అచ్చు తీసి, రెజిన్ పోస్తే కావలసినన్ని వస్తాయి. అచ్చు కొన్నాళ్లకు పాడవుతుంది, మాస్టర్ ఉంటే ఇంకో అచ్చు తీసుకోవచ్చు. రోజూ అసలు కోచ్‌ల మధ్య పనిచేసే మీకంటే ఆ ఫ్రేమ్ రూపం ఎవరికి బాగా తెలుసు? కిటికీలన్నీ ఒకే కొలతలో కోయడానికి ఒక జిగ్ (కోతకు దారి చూపే పట్టీ) చేసుకుంటే 40 గంటల్లో చాలా భాగం తగ్గుతుంది. రెజిన్ కలిపేటప్పుడు గది కిటికీలు తెరిచి, గ్లౌజులు వేసుకోండి, పాప చదువుకునే గదిలో వద్దు.

విదేశీ సామాను అయితే చక్రాలు, కప్లర్లకే పరిమితం చేసుకోండి. కోచ్ పట్టాలమీద నిలకడగా నడిచేది వాటి వల్లే, ఇంట్లో చేయడం కష్టం. మిగతావి దిగుమతి చేసుకుంటే దండగ. స్కేల్ మోడళ్లు కూడా కస్టమ్స్ లెక్కలో బొమ్మల కిందికే వస్తాయి. ఆ సుంకాన్ని 2020 బడ్జెట్‌లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. పైగా కార్డు మీద విదేశీ మారకం ఛార్జీ. పోనీ అంత పెట్టినా మన బ్రాడ్‌గేజ్ వస్తుందా అంటే రాదు. పట్టాల మధ్య ఉండే 1,676 మిల్లీమీటర్లకు 1:87లో 19.3 కావాలి, దొరికే మోడల్ ట్రాక్ 16.5. ఆ తేడా ఎంత ఖరీదైన చక్రం కొన్నా పోదు.

బరువు కోసం కూడా ఏదీ తెప్పించొద్దు. అమెరికా మోడలర్ల సంఘం ఎన్ఎంఆర్ఏ ఈ సైజుకు చెప్పే కొలత ఒక ఔన్సు, ఆపైన పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్సు. మీ కోచ్ 245 మిల్లీమీటర్లు కాబట్టి మొత్తం బరువు 165 గ్రాములకు రావాలి. హార్డ్‌వేర్ షాపులో వాషర్లు కొని నేల కింద అంటిస్తే సరిపోతుంది.

డబ్బు ఇలా సర్దండి. మిగిలే 9 వేలలో 2,500 సరదాకు వేరే ఖాతాలో వేయండి. నెలకో కోచ్ సామాను పోగా 700 మిగులుతుంది. అది కూడబెట్టి ముందు మామూలు రకం ఎయిర్‌బ్రష్, చిన్న కంప్రెసర్ కొనండి. ఖాతా ఖాళీ అయితే ఆ నెల ఉన్న సామానుతోనే పని. మిగతా 6,500 జీతం పడ్డ మర్నాడే బ్యాంకు రికరింగ్ డిపాజిట్‌కు వెళ్లాలి. 20 నెలల్లో అసలే లక్షా ముప్పై వేలు అవుతుంది, పాప కాలేజీలో చేరే సమయానికి చేతికందుతుంది. ఇంత తక్కువ గడువున్న డబ్బును షేర్లలో, ఈక్విటీ ఫండ్లలో పెట్టొద్దు. ఆస్తుల లెక్క రాసుకునేటప్పుడు కట్టిన కోచ్‌లను అందులో చేర్చకండి.

పెరంబూరులో ఐసీఎఫ్ డిజైన్ కోచ్‌ల తయారీ 2018లోనే ఆగింది. వాటి కొలతలు, రంగులు చేత్తో తెలిసినవాళ్లు ఏటా రిటైర్ అవుతున్నారు. అందుకే మీరు గీసుకున్న డ్రాయింగులు, మాస్టర్లు భద్రంగా దాచండి. అరవై నిండి రిటైరయ్యాక వ్యాపారం చేయకూడదన్న ఆ నిబంధన అడ్డు రాదు, ఇంటి లోన్ భారం కూడా తగ్గి ఉంటుంది. అప్పుడు అమ్మకం మొదలుపెట్టాలన్నా మీకు కావలసినవన్నీ ఇంట్లోనే ఉంటాయి. ఈలోగా చెన్నై మిత్రులకు అమ్మకాలు లేవని చెప్పేయండి. ఈ లెక్క కాగితం మీద రాసి మీ ఆవిడకు చూపించండి, ఆ 2,500 ఎంత ఉండాలన్నది ఇద్దరూ కలిసి తేల్చుకోండి.