ఆ లాక్ తాళం ఎవరి దగ్గరుంది?

ప్రశ్న: ఇథీరియం బ్లాక్‌చైన్‌లో ఉన్న యూఎస్‌డీసీని (డాలర్ విలువతో నడిచే క్రిప్టో కాయిన్) ఆర్బిట్రమ్ అనే ఇంకో చైన్‌కి మార్చుకోవాలి. అలా చైన్‌లు మార్చే బ్రిడ్జ్‌ల మీద హ్యాకింగ్ వార్తలు చదివాక టెన్షన్‌గా ఉంది. ఏ బ్రిడ్జ్‌ని నమ్మమంటారు?

జవాబు: అసలు మీ కాయిన్ ఒక చైన్‌లోంచి ఇంకో చైన్‌లోకి వెళ్లదండీ. చాలా బ్రిడ్జ్‌లు దాన్ని ఇక్కడ లాక్ చేసి, దాని పేరుతో అక్కడ ఇంకో టోకెన్ ఇస్తాయి, తాకట్టు రసీదులాగా. లాక్‌లో ఉన్న సొమ్ము ఎవడైనా ఊడ్చుకుపోతే చేతిలో రసీదు మిగులుతుంది, అంతే. కాబట్టి బ్రిడ్జ్ ఎంత పేరున్నదో చూసే ముందు ఆ తాళం ఎవరి దగ్గరుందో చూడండి.

2022 మార్చిలో రోనిన్ బ్రిడ్జ్‌లో లావాదేవీలకి ఆమోదం ఇచ్చే 9 వాలిడేటర్ కీలలో (డిజిటల్ తాళంచెవులు) 5 దొంగల చేతికి చిక్కాయి, దాంతో 60 కోట్ల డాలర్లకు పైనే పోయింది. విచిత్రం ఏంటంటే, ఎవరో యూజర్ 5,000 ఈథర్ (ఇథీరియం సొంత కాయిన్) తీసుకోబోతే రాకపోయేసరికి గానీ, అంటే దాదాపు వారం దాకా, నిర్వాహకులకే విషయం తెలియలేదు! అదే ఏడాది ఆగస్టులో నోమాడ్ అనే బ్రిడ్జ్‌లో అయితే కోడ్ అప్‌డేట్‌లో జరిగిన పొరపాటు వల్ల, మొదటి దొంగ పంపిన లావాదేవీని కాపీ కొట్టి, అడ్రస్ చోట తమది పెట్టుకున్నవాళ్లందరికీ డబ్బులు వచ్చేశాయి.

మీది యూఎస్‌డీసీ కాబట్టి పని తేలికే. దాన్ని జారీ చేసే సర్కిల్ కంపెనీదే సీసీటీపీ అనే పద్ధతి ఉంది, ఇక్కడ టోకెన్‌ని కాల్చేసి (అంటే శాశ్వతంగా రద్దు చేసి) అక్కడ కొత్తది ముద్రిస్తుంది, దోచుకోవడానికి లాక్ చేసిన కుప్ప అంటూ ఉండదు. సర్కిల్‌ని నమ్మాల్సిందే, కానీ యూఎస్‌డీసీ కొన్నప్పుడే ఆ నమ్మకం పెట్టేశారు కదా. దీని ద్వారా వచ్చేది అసలు యూఎస్‌డీసీ. వేరే దారిలో యూఎస్‌డీసీ.ఈ అని కనిపిస్తే అది రసీదు రకం, రెండూ ఒకటే అనుకోకండి.

సైట్ అడ్రస్ సెర్చ్ ప్రకటనల్లోంచి తీసుకోవద్దు, నకిలీలు ఎక్కువగా ఉండేది అక్కడే. మీ టోకెన్లు బ్రిడ్జ్ తీసుకోవడానికి వాలెట్ పర్మిషన్ అడిగినప్పుడు పరిమితి లేకుండా ఇవ్వకుండా, పంపే మొత్తమే టైప్ చేయండి, ఎందుకంటే ఆ పర్మిషన్ పని అయ్యాక కూడా అలాగే ఉండిపోతుంది, రేపు ఆ బ్రిడ్జ్ కాంట్రాక్ట్ (దాన్ని నడిపే ప్రోగ్రామ్) హ్యాక్ అయితే వాలెట్‌లో మిగిలిన యూఎస్‌డీసీ కూడా పోవచ్చు. ముందు కొంచెం పంపి, అది చేరాక మిగతాది పంపండి. ఆర్బిట్రమ్‌లో గ్యాస్‌కి (లావాదేవీ ఫీజుకి) కాస్త ఈథర్ ఉంచుకోండి, లేకపోతే వచ్చిన డబ్బుని కదపలేరు.

ఆలస్యమైతే కంగారుపడి గ్రూపుల్లో అడగకండి. లావాదేవీ హ్యాష్‌ని (దాని గుర్తింపు కోడ్) ఎక్స్‌ప్లోరర్‌లో, అంటే చైన్ లావాదేవీలు చూపించే సైట్‌లో వేసి చూసుకోండి. "సపోర్ట్ నుంచి మాట్లాడుతున్నాం, సీడ్ ఫ్రేజ్ చెప్పండి" అని (అది వాలెట్‌ని తెరిచే రహస్య పదాల వరస) ఎవరైనా మెసేజ్ పెడితే వెంటనే బ్లాక్ చేసేయండి.