ముక్కు నుంచి రక్తం: విషమా, పిడుదుల జ్వరమా?

ప్రశ్న: మాది కృష్ణా జిల్లా. వరి వేస్తాం, రెండు పాడి గేదెలున్నాయి. పాక దగ్గర కాపలాకు నాలుగేళ్ల నాటు కుక్క ఉంది, 20 కిలోల దాకా తూగుతుంది. పది పన్నెండు రోజులుగా సరిగా తినడం లేదు, ఎప్పుడు చూసినా పడుకునే ఉంటోంది. మొన్నటి నుంచి ముక్కులోంచి రక్తం కారుతోంది. గట్టు తగాదా ఉన్నవాళ్లు విషం పెట్టారని మా అనుమానం. మందుల షాపులో చెబితే నొప్పుల సూది ఒకటి వేశారు, రక్తం పట్టే టానిక్ ఇచ్చారు. ఒంటినిండా పిడుదులున్నాయి. గేదెల నుంచి ఎక్కి ఉంటాయని, గేదెలకు వాడే డెల్టామెత్రిన్ మందే కలిపి కుక్కకు, పిల్లికి కూడా పూశాం. పిల్లి ఆ రాత్రంతా వణికింది, ఇప్పుడు కాస్త తేరుకుంది. రెంటికీ టీకాలు ఎప్పుడూ వేయించలేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా, గట్టు తగాదాను ఇందులోకి తేకండి. కుక్కకు గుళికల మందు పెడితే గంటల్లోనే తెలిసిపోతుంది. నోటి వెంట చొంగ కారుతుంది, ఒళ్లు కొట్టుకుంటుంది, ఫిట్స్ వస్తాయి. పన్నెండు రోజులు నీరసంగా పడుకుని ఆ తర్వాత ముక్కులోంచి రక్తం కారడం ఆ విషం లక్షణం కాదు. మీరు రాసిన దాన్ని బట్టి ఇది పిడుదుల జ్వరంలా ఉంది. ఎర్లిషియా అనే సూక్ష్మజీవి పిడుదు కాటుతో రక్తంలో చేరి, రక్తం గడ్డకట్టడానికి సాయపడే ప్లేట్‌లెట్లను పడగొడుతుంది. ప్లేట్‌లెట్లు బాగా తగ్గితే ముక్కులోంచి, చిగుళ్లలోంచి రక్తం వస్తుంది.

అయితే విషం అన్న అనుమానాన్ని ఒక్క చోట మాత్రం నేను కొట్టిపారేయను. మీ చేలో గానీ పక్క చేలో గానీ ఈమధ్య ఎలుకలకు బ్రోమాడియోలోన్ ఎర పెట్టారా? నూకల్లో నూనె, మందు కలిపి పొట్లాలు కట్టి బొరియల్లో పెడతారే, అది. ఆ పొట్లాన్ని గానీ, అది తిని చచ్చిన ఎలుకను గానీ కుక్క తింటే రెండు నుంచి ఐదు రోజులకు రక్తం గడ్డకట్టడం ఆగిపోతుంది. అప్పుడూ ముక్కులోంచి రక్తం వస్తుంది. దానికి మందు విటమిన్ కె1, రోజూ, మూడు నాలుగు వారాలు. షాపుల్లో సులువుగా దొరికే కె3 సూది ఈ విషానికి పనిచేయదు. కాబట్టి ఎర పెట్టిన సంగతి, ఎన్ని రోజులైందన్న సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అడగకపోయినా చెప్పండి.

ఇంట్లోనే చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. పైపెదవి ఎత్తి చిగురు చూడండి. గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. పాలిపోయి తెల్లగా ఉంటే రక్తం బాగా తగ్గినట్టు. పొట్ట కింద, గజ్జల్లో వెంట్రుకలు పక్కకు తీసి చూస్తే దోమకాట్లలాంటి ఎర్ర చుక్కలు కనిపించవచ్చు. అవి దోమకాట్లు కావు, చర్మం కింద చిమ్మిన రక్తం. మూత్రం కాఫీ రంగులో వస్తే ఇదే పిడుదు మోసుకొచ్చే బబీసియా అనే మరో సూక్ష్మజీవి కూడా తోడై ఉండవచ్చు, దాని మందు వేరు. ముక్కు తడిగా ఉందా పొడిగా ఉందా అని చూసి జ్వరం ఉందో లేదో చెప్పలేం. మలద్వారంలో థర్మామీటరు పెట్టి చూడాలి. కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలే. 103 దాటితే జ్వరం కింద లెక్క.

ఇక చికిత్స. రేపే కుక్కను తీసుకెళ్లి రక్తం గడ్డకట్టనివ్వని ఇ.డి.టి.ఏ. ట్యూబులో రక్తం తీయించి ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్, గాజుపలక మీద రక్తపు పూత చూపించండి. గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రి మీకు అందుబాటులోనే ఉంది. కుక్క లేవలేని స్థితిలో ఉంటే పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేసి అడగండి. ప్లేట్‌లెట్లు మామూలుగా 2 లక్షల నుంచి 5 లక్షల వరకు ఉంటాయి. ఎర్లిషియా అని తేలితే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వాడతారు. రోజుకు కిలో బరువుకు 10 మిల్లీగ్రాములు. మీ 20 కిలోల కుక్కకు 100 మిల్లీగ్రాముల మాత్ర ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి చొప్పున 28 రోజులు. మొత్తం 56 మాత్రలు. ఏదైనా తిన్నాకే వేయాలి, పాలలో కలపకూడదు, పరగడుపున వేస్తే కక్కేస్తుంది. రెండు మూడు రోజుల్లో లేచి తిరగడం మొదలుపెడుతుంది. అక్కడే మనవాళ్లు పొరపాటు చేస్తారు. బాగైపోయిందని ఐదో రోజుకే ఆపేస్తారు. సూక్ష్మజీవి లోపలే దాక్కుని నెలల తర్వాత ఎముక మజ్జను దెబ్బతీస్తుంది. అలా తిరగబెట్టి వచ్చిన కుక్కల్లో చాలావాటిని కాపాడుకోలేకపోయాం. 56 మాత్రల్లో ఒక్కటీ మిగలకూడదు.

ఆ నొప్పుల సూది మాటకొస్తే నాకు నిజంగా బాధేసింది. ప్లేట్‌లెట్లు పడిపోయిన కుక్కకు నొప్పుల మందు ఇస్తే కడుపులో కూడా రక్తస్రావం మొదలవుతుంది. వేసింది డైక్లోఫెనాక్ అయితే మరీ తప్పు. రాబందులు చచ్చిపోతున్నాయని పశువులకు దాని వాడకాన్ని 2006లోనే నిషేధించారు. అది కుక్క కడుపుకూ మంచిది కాదు. ఇలాంటి కుక్కకు కండలో ఏ సూది పొడిచినా ఆ చోట రక్తం చేరి బుడిపె కడుతుంది. రక్తం చూడకుండా, బరువు తూయకుండా, కనీసం కుక్కను కళ్లారా చూడకుండా కౌంటరు వెనక నిలబడి మందు ఇచ్చేవారి మాట దయచేసి వినకండి. టానిక్ వల్ల లాభం పెద్దగా ఉండదు, అందులో ఐరన్ ఉంటే డాక్సీసైక్లిన్‌ను సరిగా ఒంటబట్టనివ్వదు. రక్తం కారుతున్నంతసేపు కుక్కను నీడలో కదలకుండా ఉంచి ముక్కు పైభాగాన చల్లటి తడిగుడ్డ వేయండి. ముక్కులో దూది కుక్కితే తుమ్ముతుంది, రక్తం ఇంకా ఎక్కువవుతుంది.

మీ పిల్లి బతికి బయటపడడం అదృష్టం. డెల్టామెత్రిన్, పర్మెత్రిన్, సైపర్మెత్రిన్ వంటి మందులను విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి సరిగా లేదు. గేదెకు ఏమీ కాని మోతాదు పిల్లికి ఫిట్స్ తెప్పిస్తుంది. ఒంటి మీద మందు ఇంకా మిగిలి ఉంటే గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగి, తుడిచి వెచ్చగా ఉంచండి. లేకపోతే ఒళ్లు నాక్కున్నప్పుడల్లా మళ్లీ లోపలికి పోతుంది. వణుకు తిరిగి మొదలైతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇదే చోట ఇంకొకటి: జ్వరమని పిల్లికి పారాసెటమాల్ వేసేవాళ్లున్నారు. మనం వేసుకునే 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి చాలు పిల్లి ప్రాణం తీయడానికి. సగం మాత్ర కూడా వద్దు.

పిడుదులు గేదెల నుంచి వచ్చాయనుకోవడమూ పొరపాటే. పశువుల మీద మనం ఎక్కువగా చూసే పిడుదు చిన్నప్పటి నుంచి పెద్దదయ్యేదాకా ఒకే పశువును పట్టుకుని ఉంటుంది. కుక్కకు పట్టే గోధుమరంగు పిడుదు వేరు. అది ప్రతి దశలోనూ రక్తం తాగి కిందికి దిగిపోతుంది, గోడ బీటల్లో, మంచం నులకలో, గోనెసంచుల మడతల్లో దాక్కుని మళ్లీ ఎక్కుతుంది. ఒక్కో ఆడ పిడుదు వేలల్లో గుడ్లు పెడుతుంది. అంటే మీకు కుక్క మీద కనిపిస్తున్నవి కొన్నే, మిగతావన్నీ పాక గోడల్లోనే ఉన్నాయి. కుక్క పడుకునే గోనెలు కాల్చేయండి. గోడ బీటలు సిమెంటుతో పూడ్చండి. సీసా మీద పాకలకని రాసిన మోతాదులోనే గోడలకు, మూలలకు మందు కొట్టండి. రెండు మూడు వారాల ఎడంతో మూడుసార్లు కొట్టాలి, ఒక్కసారితో గుడ్లు చావవు. కొట్టేటప్పుడు పిల్లలు, పశువులు బయట ఉండాలి, గాడిలో మేత ఉండకూడదు. ఆరేదాకా పిల్లిని అటు పోనివ్వకండి.

కుక్క ఒంటికి మాత్రం పిచికారీ మందు ఇక వద్దు. చేలో కొట్టగా మిగిలిన పురుగుమందులైతే తలపెట్టనే కూడదు. పిడుదులకు నోటితో ఇచ్చే అఫాక్సోలానర్ మాత్ర నెలకొకటి, లేదా ఫ్లూరలానర్ మాత్ర పన్నెండు వారాలకొకటి దొరుకుతుంది. బరువును బట్టి ప్యాకెట్ మారుతుంది కాబట్టి తూయించి, డాక్టరు రాసిందే కొనండి. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉన్న కుక్కయితే ఆ మాట ముందే చెప్పాలి. పట్టి ఉన్న పిడుదులను చిమటాతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగి సబ్బునీళ్లలో వేయండి. వేళ్లతో నలపకండి, కిరోసిన్ పూయకండి.

అన్నింటికంటే నన్ను భయపెట్టింది మీ ఉత్తరంలో చివర రాసిన వాక్యం. నాలుగేళ్ల కుక్కకు, పిల్లికి ఒక్క రేబిస్ టీకా కూడా లేదు. మీ కుక్కకు ఇప్పుడున్నది రేబిస్‌లా కనిపించడం లేదు. రేబిస్ లక్షణాలు మొదలైన కుక్క పది రోజుల్లోపే చనిపోతుంది. కానీ రేబిస్ వచ్చిన ప్రతి కుక్కా వెర్రెత్తి కరవదు. కొన్ని మూలన నక్కి, దవడ జారిపోయి, చొంగ కారుస్తూ, మింగలేక ఉంటాయి. గొంతులో ఎముక ఇరుక్కుందని ఇంటివాళ్లు నోట్లో చేయి పెడతారు. టీకా లేని కుక్క నోట్లో ఎప్పుడూ చేయి పెట్టకండి. మాత్రలు వేసేటప్పుడు కూడా అన్నం ముద్దలోనో గుడ్డులోనో పెట్టి వేయండి. ఈ పన్నెండు రోజుల్లో ఇంట్లో ఎవరికైనా కుక్క పన్ను గానీ పిల్లి గోరు గానీ గీసుకుని ఉంటే, గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసుపు పెట్టకండి, కట్టు కట్టకండి. ఈరోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టించండి. అక్కడ చర్మంలో వేసే టీకా 0, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లు పడుతుంది. రక్తం వచ్చేలా కరిస్తే, టీకా పనిచేసేలోపు కాపాడే ఇమ్యునోగ్లోబులిన్ సూది కూడా కావాలి, అడిగి వేయించుకోండి. లక్షణాలు బయటపడ్డాక మనిషిని కాపాడే మందు లేదు.

ఏటా జూలై 6న, పాశ్చర్ 1885లో మొదటిసారి మనిషికి రేబిస్ టీకా వేసిన రోజున, మన పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకా వేస్తారు. మీరు మాత్రం అప్పటిదాకా ఆగకండి. కుక్కకు జ్వరం మీదుండగా టీకా పనికిరాదు కాబట్టి 28వ రోజున రక్తం మళ్లీ పరీక్ష చేయించి, ప్లేట్‌లెట్లు నిలదొక్కుకున్నాయని తేలాక అక్కడే వేయించండి. పిల్లి పూర్తిగా తేరుకుని ఉంటే దానికీ అదే రోజు. తర్వాత ఎప్పుడు వేయాలో తేదీని టీకా కార్డు మీద రాయించుకుని, పాలు పోసే పుస్తకంలో పెట్టుకోండి.