నెలకో పుట్టి వడ్లు టీవీకి పొయ్యొద్దమ్మాయ్

కోవూరు నుంచి ఒకమ్మాయి అడిగింది: "అక్కా, సంక్రాంతి అయ్యాక మేం డాలస్ వస్తున్నాం. అక్కడ కేబుల్ పెట్టించుకోవాలా, ఓటీటీలు నాలుగైదు తీసుకుంటే సరిపోతుందా? ఏది చవక?"

బండెక్కక ముందే చవక సంగతి అడిగావు, మంచి పని చేశావు. నేను వచ్చిన కొత్తలో ఆ మాట ఎవర్నీ అడగలేదు. అడగనందుకు ఎంత కట్టానో ఇప్పటికీ లెక్క చెప్పగలను.

మాది నెల్లూరు జిల్లా బుచ్చి. మా ఇంట్లో కేబులంటే ఒకటో తారీఖు దాటాక ఒకబ్బాయి బండి మీద వచ్చి గేటు దగ్గర్నుంచి పిలిచేవాడు. "వడ్లు ఇంకా తోలలేదు నాయనా, వచ్చే నెల కలిపి ఇస్తాంలే" అని అమ్మ అంటే, కార్డు మీద చిన్న గీత గీసుకుని పొయ్యేవాడు. ఆ అలవాటుతోనే 2014లో ఇక్కడ దిగాం. నెట్టూ టీవీ కలిపి నెలకు 60 డాలర్లని కేబుల్ కంపెనీ మనిషి చెప్పాడు, ఆ రోజే రెండేళ్ల ఒప్పందం మీద సంతకాలు పెట్టేశాం. ఆ 60 మొదటి ఏడాదికే అన్న ముక్క కాగితం అడుగున సన్నక్షరాల్లో ఉంది. పదమూడో నెల బిల్లు 118 వచ్చింది. రెండు బాక్సుల అద్దె, లోకల్ చానళ్ల రుసుము, ఈ ప్రాంతం ఆటల చానళ్ల రుసుము, అన్నీ విడివిడిగా వేశారు. మా ఇంట్లో బేస్‌బాల్ చూసేవాళ్లెవరు? మానేద్దామంటే మధ్యలో మానితే జరిమానా అన్నారు. పన్నెండు నెలలు నోరు మూసుకుని కట్టాం.

2016లో ఇల్లు మారేటప్పుడు బాక్సులు రెండూ కౌంటర్లో ఇచ్చేసి వచ్చా, రసీదు అడగలేదు. రెండు నెలలకు, బాక్సులు అందలేదంటూ 150 డాలర్లు వేశారు. అప్పటి లెక్కలో పదివేల రూపాయలు. ఎన్ని ఫోన్లు చేసినా "రసీదు ఉందా" అన్నదొక్కటే మాట. అందుకే చెబుతున్నా, నెట్టు తాలూకు రూటరైనా సరే, తిరిగిచ్చేటప్పుడు అడుగున స్టిక్కరు మీదుండే సీరియల్ నంబరు ఫోటో తీసుకో. రసీదులో అదే నంబరు ఉందో లేదో అక్కడే నిలబడి చూడు. వెనక క్యూ ఉంటే ఉండనీ.

ఇప్పుడు కేబుల్ వాళ్లు మొత్తం ధర ఒకే అంకెగా చూపాలని 2024లో ఎఫ్‌సీసీ అనే ఇక్కడి ప్రభుత్వ సంస్థ నిబంధన పెట్టింది. ఆ వివరాలు నువ్వే చూసుకోగలవు.

కేబుల్ పీకేశాక చాలా తెలివైన పని చేశామనుకున్నాం. ఇంటర్నెట్ మీద చానళ్లిచ్చే యూట్యూబ్ టీవీ 2017లో 35 డాలర్లతో మొదలైంది, మేం తీసుకునేసరికి 40. బాక్సు లేదు, ఒప్పందం లేదు. అదే 2025 జనవరికి 82.99 అయింది. నెట్‌ఫ్లిక్స్ స్టాండర్డ్ ప్లాను కూడా ఆ నెల్లోనే 17.99 చేశారు. అంతకుముందు నాలుగు ఇళ్ల వాళ్లం ఒక్క పాస్‌వర్డుతో నెట్టుకొచ్చాం. 2023 మేలో అమెరికాలో అదీ ఆపేశారు. ఎవరింటికి వాళ్లు కట్టుకోవాల్సిందే.

నిరుడు ఒక ఆదివారం కార్డు స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని కూర్చున్నా. నెట్టుకు 80, యూట్యూబ్ టీవీకి 83, నెట్‌ఫ్లిక్స్‌కు 18, పిల్లల కార్టూన్లు, తెలుగు సినిమాలు, క్రికెట్టు, ఎవరూ తెరవని ఇంకో రెండు యాప్‌లు, అన్నీ కలిపి ఇంకో 59. వెరసి 240. డాలరుకు 85 వేసుకున్నా 20,400 రూపాయలు. మన దగ్గర పుట్టి అంటే 850 కిలోలు కదా. 2025-26 మద్దతు ధర గ్రేడ్ ఏ వడ్లకు క్వింటాలు 2,389 చొప్పున పుట్టికి 20,300 చిల్లర. నెలకో పుట్టి వడ్లు టీవీలో పోస్తున్నామన్నమాట! మా నాయన దుక్కి నుంచి కోత దాకా పడే పాట్లు కళ్లముందు కదిలాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఓటీటీ ఇప్పటికీ కేబుల్ కంటే మేలే. ఎందుకంటే నెల తిరక్కముందే మానెయ్యొచ్చు. మానకుండా అన్నీ ఉంచుకుంటే మాత్రం అది బాక్సు లేని కేబులే. ఏపీ ఫైబర్‌నెట్ మొదట్లో 149 రూపాయలకు నెట్, ఫోను, టీవీ మూడూ ఇవ్వడం చూసిన పిల్లలు మీరు, ఇక్కడ పదీ పన్నెండు డాలర్లంటే అంకె చూసి చిన్న మొత్తమే అనిపిస్తుంది. అక్కడే మోసపోతారు. ఇండియాలో ఏడాదికి ప్యాకులు కట్టుకుని కూడా రావద్దు, చాలా యాప్‌లు అక్కడి ప్యాకును ఇక్కడ ఆడనివ్వవు.

మేమిప్పుడు ఇట్లా నడుపుతున్నాం. 25 డాలర్లు పెట్టి ఒక యాంటెనా కొన్నాం. డాలస్ టీవీ టవర్లు సీడార్ హిల్‌లో ఉంటాయి, ఆ వైపు కిటికీ అద్దానికి అతికించాం. ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్, పీబీఎస్ పైసా కట్టకుండా వస్తాయి. సుడిగాలి హెచ్చరికలప్పుడు ఈ లోకల్ చానళ్లే దిక్కు. దాని మీద నెలకు ఒక్క యాప్, అంతే. అందులో చూడాల్సింది చూసి, ఆపేసి, వచ్చే నెల ఇంకోటి. ఐపీఎల్ నెలల్లో క్రికెట్టు వంతు. పిల్లలు వారం గొణిగి అలవాటు పడ్డారు.

తెలుగు చానళ్ల సంగతి వేరు, అది పెద్దవాళ్ల కోసం. మా అత్తయ్య మొదటిసారి వచ్చినప్పుడు ఇంట్లో తెలుగు చానళ్లు లేవు. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని అల్లూరులో వాళ్ల చెల్లెలికి ఫోను చేసేవారు. అక్కడ రాత్రి సీరియల్ టైము. ఆవిడ ఫోను టీవీ పక్కన పెడితే, ఈవిడ ఇక్కడ కళ్లు మూసుకుని మాటలు వినేవారు. చూడలేక మర్నాడే తెలుగు ప్యాకు ఏడాదికి కట్టేశా, నెలకు రెండు డాలర్లు తగ్గుతుందని. అత్తయ్య ఐదు నెలలకు వెళ్లిపోయారు. మిగిలిన ఏడు నెలలు ఆ చానళ్లు తిప్పిన వాళ్లు లేరు, డబ్బు వెనక్కి ఇచ్చేది లేదన్నారు.

అత్తయ్య మళ్లీ మేలో వస్తున్నారు. ఈసారి నెలవారీ ప్యాకే తీసుకుంటా. ఆవిడ తిరుగు టికెట్టుకు ముందు రోజు ఆపెయ్యాలని ఫోనులో అలారం ఇప్పుడే పెట్టుకున్నా.