గ్రీన్ మీద మట్టి పడనివ్వకు

అనంతపురం

చిరంజీవి మేనకోడలికి మామ ఆశీర్వదించి వ్రాయునది.

అనంతరాజుపేట ఉద్యాన కళాశాలలో చదువు ముగించి బెంగళూరు గోల్ఫ్ మైదానంలో చేరిన నీకు, ఈ శరత్కాలంలో, బంతిని గుంతలోకి దొర్లించే నున్నటి గడ్డి నేలలైన గ్రీన్‌ల మరమ్మతు పనులన్నీ అప్పగించారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. అలాంటి మైదానంలోనే మాలీగా చేరి మేస్త్రిగా విరమించిన నాకు, మన ఇంటి ఆడపిల్ల ఆ పని చేయించబోతోందంటే గుండె నిండిపోయింది. ఆ వెంటనే, పై అధికారి తొందరపెడితే నువ్వు కాదని చెప్పగలవో లేదో అన్న దిగులు పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

గడ్డి కోసే మొవర్ బ్లేడ్లకు పదును పెట్టించడం, కాలువల్లో ఆకులు తీయించడం, వానకు జారిన బంకర్ల (ఇసుక గుంతల) అంచులు సరిచేయించడం నీకు చెప్పనక్కరలేదు. గ్రీన్‌లో రంధ్రాలు తీసే కోరింగ్ మాత్రం దసరాను దాటనివ్వకు. గ్రీన్ల మీద ఉన్న బెర్ముడా మన గరిక జాతిదే. వెచ్చదనం ఉన్నంతకాలం ఉరకలు వేస్తుంది, కార్తీకమాసపు చలి మొదలైతే మందగిస్తుంది. అప్పుడు తీసిన రంధ్రాలు పూడక, ఆటగాళ్ల ఫిర్యాదులన్నీ నీ మీదికి వస్తాయి. 75 నుంచి 100 మిల్లీమీటర్ల లోతుకు మట్టి కడ్డీలను తీయించి, వాటిని ఊడ్పించి, పొడి ఇసుకను రంధ్రాల అంచుల వరకు నింపించు.

ఆ ఇసుక గురించే నా భయమంతా. నాకు పని నేర్పిన మేస్త్రి మన సీమ మనిషే. ఎండాకాలంలో చెరువు మట్టి తోలించి ఎర్రనేలకు బలం చేకూర్చడం, ఆ మరుసటి వానలకు వేరుశనగ చేను కళకళలాడడం చూస్తూ పెరిగినవాడు. ఒక ఏడాది గ్రీన్లు పాలిపోయి కనిపిస్తే, అదే ప్రేమతో మెత్తటి చెరువు మట్టిని జల్లెడ పట్టించి, గడ్డి పైన వేసే పొరగా, అంటే టాప్ డ్రెస్సింగ్‌గా, పలచగా పరిపించాడు. కొన్నాళ్లు పచ్చదనం పెరిగింది, అందరూ మెచ్చుకున్నారు. తరువాత అక్టోబరు వానలు పడ్డాయి. గ్రీన్ అడుగున 300 మిల్లీమీటర్ల ఇసుక, దాని కింద 100 మిల్లీమీటర్ల కంకర ఉన్నాయి. యునైటెడ్ స్టేట్స్ గోల్ఫ్ అసోసియేషన్ 1960లో ప్రకటించిన పద్ధతికి మూలం అదే. అంత చక్కని నిర్మాణం ఉండి కూడా నీరు దిగలేదు. సన్నని రేణువుల సందులు నీటిని బిగపట్టుకుంటాయి, ఆ పొర పూర్తిగా తడిసి నిండేదాకా కింది ముతక ఇసుకలోకి వదలవు. గాలి అందక వేర్లు పైపైనే ఆగిపోయాయి. ఒకరోజు బంతి పడే హోల్‌ను వేరే చోటికి మార్చడానికి, గుంత తీసే కప్ కట్టర్ దించి పైకి తీస్తే, కడ్డీ మధ్యలో నల్లటి పొర కనిపించింది, కుళ్లిన గుడ్ల వాసన వచ్చింది. గాలి ఆడని చోట సూక్ష్మజీవులు గంధకపు వాయువును పుట్టిస్తాయని నువ్వు చదివే ఉంటావు. మేము ముక్కుతో తెలుసుకున్నాము. ఎన్నిసార్లు కోరింగ్ చేసినా ఆ పొర పూర్తిగా పోకపోవడంతో, చివరికి గడ్డిని ముక్కలుగా కోసి ఎత్తి, మట్టిని గీకించి, మళ్లీ ఇసుక పోయవలసి వచ్చింది. ఆ మేస్త్రి ఎవరితోనూ వాదించలేదు, గ్రీన్ అంచున కూర్చుని ఆ పనంతా చూశాడు. చేనుకు చేసిన మేలు ఇసుక నేలకు కీడవుతుందని ఆయనకు ముందుగా చెప్పినవాళ్లు లేరు.

నీకు నేనున్నాను కనుక చెబుతున్నాను. టాప్ డ్రెస్సింగ్ ఇసుక గ్రీన్ లోపలున్న ఇసుకతో సరిపోవాలి. కనీసం 60 శాతం రేణువులు పావు మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు మధ్య ఉండాలి, ఒండ్రు 5 శాతం, బంకమన్ను 3 శాతం మించకూడదు. ప్రయోగశాల నివేదిక చేతికి రానిదే ఆర్డరు మీద సంతకం పెట్టకు. లారీ వచ్చిన ప్రతిసారీ పిడికెడు ఇసుకను గాజు సీసాలో నీళ్లతో కలిపి ఊపి చూడు. నీళ్లు చాలాసేపు మురికిగానే ఉంటే ఆ లారీని తిప్పి పంపించు. డ్రైవరు ఎదురు మాట్లాడినా, అధికారి ఈసారికి పోనీలే అన్నా, నివేదికను చూపించి నిలబడు. నువ్వు చిన్నప్పటి నుంచీ ఎదుటివాళ్లు నొచ్చుకుంటారేమోనని తలవంచే పిల్లవు, నాకదే బాధ. ఇక్కడ తలవంచితే ఆ పొర ఏళ్ల తరబడి గ్రీన్ కింద ఉండిపోతుంది తల్లీ.

శిలీంధ్రపు మందు కొట్టించే రోజు మాస్కు, చేతి తొడుగులు లేకుండా నువ్వూ నిలబడకు, మాలీలనూ నిలబెట్టకు. చిన్నప్పుడు నీకున్న ఆయాసాన్ని నేను మరిచిపోలేదు.

ఈ వారమే ప్రతి గ్రీన్‌లోనూ కప్ కట్టర్‌తో ఒక కడ్డీ తీసి, వేర్లు ఎంత లోతుకు వెళ్లాయో కొలిచి, ఫొటోలు పంపించు. కోరింగ్ రంధ్రాలు గడ్డితో పూడకపోతే దీపావళికి రావద్దు, మీ అమ్మకు నేను నచ్చజెబుతాను.

ఇట్లు,
మీ మామ