సందేహాలు – సమాధానాలు: మొదటి యాపిల్ టీవీ పెట్టె

కంప్యూటర్‌లోని పాటలు, ఫోటోలు, వీడియోలను టీవీ తెర మీద చూపే చిన్న పెట్టె యాపిల్ టీవీ. 2007లో అమెరికా మార్కెట్లోకి వచ్చిన దాని మొదటి తరం గురించి ఈ నెల అయిదుగురు పాఠకులు అడిగారు. అక్కడున్న బంధువులు వాడి, తరువాత ఇక్కడికి పంపిన పెట్టెలు ఇంకా చాలా ఇళ్లలో అటకల మీద ఉన్నాయని ఈ ఉత్తరాల వల్ల అర్థమవుతోంది. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా మేనమామ ఇచ్చిన యాపిల్ టీవీని మా పాత పెట్టె టీవీకి తగిలించాలని చూశాను. టీవీ వెనుక పసుపు, తెలుపు, ఎరుపు రంధ్రాలు మాత్రమే ఉన్నాయి. యాపిల్ టీవీకి పసుపు రంధ్రమే లేదు. ఎలా కలపాలి? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: నేరుగా కలపడం కుదరదండీ. ఈ పెట్టెను వెడల్పు తెర టీవీల కోసమే తయారు చేశారు. బొమ్మ బయటికి రావడానికి దీనికి రెండే దారులున్నాయి. ఒకటి బొమ్మ, ధ్వని రెండూ ఒకే తీగలో వెళ్లే హెచ్‌డీఎంఐ, రెండోది కాంపొనెంట్. కాంపొనెంట్‌లో ఆకుపచ్చ, నీలం, ఎరుపు రంధ్రాలు మూడూ బొమ్మకే సంబంధించినవి. వాటి పక్కనున్న తెలుపు, ఎరుపు రంధ్రాలు ధ్వనికి సంబంధించినవి. అంటే ఒకే వరుసలో రెండు ఎరుపులు ఉంటాయి కాబట్టి తీగ పెట్టే ముందు పైన ఉన్న గుర్తు చూసుకోవాలి. పసుపు తీగను ఆకుపచ్చ రంధ్రంలో పెడితే పని జరుగుతుందని కొందరు చెబుతుంటారు గాని, ఆ రంధ్రంలో వచ్చేది బొమ్మలోని వెలుగునీడల సమాచారమే. రంగుల సమాచారం మిగతా రెండింటిలో వెళ్తుంది. పైగా ఈ పెట్టె 480పీ, 576పీ, 720పీ, 1080ఐ వంటి ఎక్కువ స్పష్టత గల సంకేతాలు పంపేలా తయారైంది. పాత పెట్టె టీవీలు సాధారణంగా వాటిని అందుకోలేవు.

హెచ్‌డీఎంఐ సంకేతాన్ని పసుపు తీగకు మార్చే చిన్న కన్వర్టర్లు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరుకుతాయి. వాటితో ఇంటి వీడియోలు చూడవచ్చు గాని, మెనూలోని సన్న అక్షరాలు అలుక్కుపోయినట్లు కనిపిస్తాయి. హెచ్‌డీఎంఐ ఉన్న మామూలు ఎల్ఈడీ టీవీ ఇంట్లో మరొకటి ఉంటే దానికే తగిలించండి. కరెంటు విషయంలో భయం అక్కరలేదు. దీని లోపలి 48 వాట్ల విద్యుత్ సరఫరా అన్ని దేశాలకూ పనికొచ్చే రకం. మన ప్లగ్గుకు సరిపోయే తీగ ఉంటే చాలు. అయినా పెట్టె అడుగున ముద్రించిన వోల్టేజీని ఒకసారి చదివి ప్లగ్గు పెట్టడం మంచి అలవాటు.

ప్రశ్న: మా పెళ్లి డీవీడీలోని ఫైళ్లను కంప్యూటర్‌లోకి ఎక్కించాను గాని ఐట్యూన్స్ వాటిని తీసుకోవడం లేదు. యాపిల్ టీవీలో చూడాలంటే ఏం చేయాలి? – ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: ఐట్యూన్స్ అంటే కంప్యూటర్‌లోని పాటలు, వీడియోలను అమర్చి ఈ పెట్టెకు పంపే యాపిల్ సాఫ్ట్‌వేర్. మీ డీవీడీలో ఉన్నవి వీవోబీ ఫైళ్లు; వాటిలోని వీడియో ఎంపెగ్-2 అనే కుదింపు పద్ధతిలో ఉంటుంది. యాపిల్ టీవీకి తెలిసినవి హెచ్.264, ఎంపెగ్-4 అనే రెండు పద్ధతులే. ఆ రోజుల్లో మన ఇళ్లలో విరివిగా తిరిగిన డివ్‌ఎక్స్ రకం వీడియో ఫైళ్లను కూడా అది తీసుకోదు. నా దృష్టిలో ఈ పెట్టెకున్న అన్నిటికన్నా పెద్ద పరిమితి ఇదే. ఎందుకంటే దాన్ని కొన్నవారి దగ్గర అప్పటికే ఉన్న వీడియోల్లో అత్యధిక భాగం దానికి పరాయివే అయ్యాయి.

దీనికి మార్గం ఫైలును మార్చుకోవడం. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో డీవీడీ ఫైళ్లను హెచ్.264లోకి మార్చవచ్చు. మార్చేటప్పుడు రెండు సంగతులు మరవకండి. మన దేశంలో తీసిన పెళ్లి వీడియోలు సాధారణంగా పాల్ అనే మన టీవీ పద్ధతిలో, 720 x 576 కొలతతో, సెకనుకు 25 ఫ్రేములతో ఉంటాయి. ఆ 25ను అలాగే ఉంచండి. 30కి మారిస్తే కదలికల్లో కుదుపు కనిపిస్తుంది. రెండోది, డీఇంటర్‌లేస్ అనే ఎంపికను తప్పక పెట్టండి. లేకపోతే తలంబ్రాలు పోసుకునే చోట చేతులు కదిలినప్పుడల్లా వాటి అంచుల వెంట దువ్వెన పళ్లలాంటి అడ్డగీతలు కనిపిస్తాయి. సెకనుకు 2 మెగాబిట్ల వేగం ఎంచుకుంటే మూడు గంటల పెళ్లి వీడియో 3 జీబీ లోపే సరిపోతుంది. మారిన ఫైలును ఐట్యూన్స్‌లో చేర్చితే అక్కడి నుంచి టీవీకి వెళ్తుంది. మార్పిడికి గంటల సమయం పట్టవచ్చు కాబట్టి రాత్రి మొదలుపెట్టి పడుకోవడమే ఉత్తమం. మారిన తరువాత కూడా అసలు డీవీడీని భద్రపరచండి.

ప్రశ్న: 40 జీబీలో 50 గంటల వీడియో పడుతుందని ప్రకటనల్లో చెప్పారట. నిజంగా అంత పడుతుందా? – ఒక విద్యార్థి, వరంగల్

సమాధానం: లెక్క వేసి చూద్దాం. 50 గంటలు పట్టాలంటే గంటకు 0.8 జీబీ మాత్రమే వాడాలి. అంటే చిన్న కొలత వీడియోలే అయి ఉండాలి. ఈ పెట్టె చూపగల అత్యధిక నాణ్యత సెకనుకు 5 మెగాబిట్లు; ఆ లెక్కన గంటకు 2.25 జీబీ అవుతుంది. పైగా 40 జీబీలో కొంత భాగాన్ని పెట్టె తన సాఫ్ట్‌వేర్ కోసం ఉంచుకోవడం వల్ల వాడుకకు మిగిలేది దాదాపు 33 జీబీ. అంటే మంచి నాణ్యతలో 15 గంటలకు మించి పట్టదు. 2007 మే నెలాఖరులో 160 జీబీ రకాన్ని విడుదల చేసిన తరువాత ఈ ఇబ్బంది కొంత తగ్గింది.

అయితే డిస్కులోకి ఎక్కించకుండానే చూసే వీలు కూడా ఉంది. పెట్టె ఒక కంప్యూటర్‌తో సింక్ అవుతుంది, అంటే అందులోని ఫైళ్లను తన డిస్కులోకి నకలు చేసుకుంటుంది. మరో అయిదు కంప్యూటర్ల నుంచి నకలు లేకుండానే నేరుగా ప్రసారం చేస్తుంది. అలా చూస్తున్నంతసేపూ ఆ కంప్యూటర్ ఆన్‌లో ఉండాలి, ఐట్యూన్స్ తెరిచి ఉండాలి.

ప్రశ్న: 2007లో 299 డాలర్లు పెట్టి కొన్నాను. మరుసటి ఏడాదే మా మిత్రుడు దాదాపు 100 డాలర్లకు రోకు పెట్టె కొని సినిమాలు చూశాడు. నేను పొరపాటు చేశానా? – ఒక పాఠకుడు, న్యూజెర్సీ

సమాధానం: పొరపాటు అనను. మీరిద్దరూ కొన్నవి వేర్వేరు పనులు చేసే వస్తువులు. 2008 మేలో వచ్చిన రోకు పెట్టెలో డిస్కు లేదు. నెట్‌ఫ్లిక్స్ చందాదారులు ఇంటర్‌నెట్ ద్వారా సినిమాలు చూసుకోవడానికే దాన్ని రూపొందించారు. మీది మీ కంప్యూటర్‌లోని పాటలు, ఫోటోలు, ఇంటి వీడియోలను హాలులోని తెర మీదికి తెచ్చే పెట్టె. కంప్యూటర్ ప్రమేయం లేకుండా టీవీ నుంచే సినిమా అద్దెకు తీసుకునే సౌకర్యం దానికి 2008 ఫిబ్రవరిలో వచ్చిన సాఫ్ట్‌వేర్ నవీకరణతోనే కలిగింది. అంతకు ముందు నెలలో, అంటే జనవరిలో, 40 జీబీ రకం ధరను 229 డాలర్లకు తగ్గించారు. ఇంటర్‌నెట్ నుంచి వచ్చే సినిమా కావాలనుకున్నవారికి రోకు సరైనది. ఇంటిల్లిపాదీ కూర్చుని పిల్లల ఫోటోలు చూసుకోవాలనుకున్నవారికి మీదే సరైనదని నా అభిప్రాయం.

ప్రస్తుతం ఇంటర్‌నెట్ మీద ఆధారపడిన సేవల కోసం ఈ పెట్టెను నమ్ముకోవద్దు. యూట్యూబ్ 2015లో దీనికి సేవ నిలిపివేసింది. భద్రతా మార్పుల కారణంగా 2018 మే నుంచి ఐట్యూన్స్ స్టోర్ కూడా దీనిలో పనిచేయడం లేదు.

ప్రశ్న: చనిపోయిన మా అన్నయ్య యాపిల్ టీవీలో మా అమ్మానాన్నల పాత వీడియోలున్నాయి. టీవీలో కనిపిస్తున్నాయి. ఆయన కంప్యూటర్ పాడైంది. నా కంప్యూటర్‌కు కలిపి వీటిని దించుకోవచ్చా? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: అమ్మా, దయచేసి ఆ పెట్టెను మీ కంప్యూటర్‌లోని ఐట్యూన్స్‌తో సింక్ చేయవద్దు. సింక్‌లో ఫైళ్లు కంప్యూటర్ నుంచి పెట్టెకు వెళ్తాయి. మీ ఇంటి వీడియోల వంటివి పెట్టె నుంచి కంప్యూటర్‌కు రావు. కొత్త కంప్యూటర్‌తో సింక్ చేస్తే లోపల ఉన్నవాటిని చెరిపేసి, కొత్తవాటిని ఎక్కిస్తుంది. సెట్టింగుల్లో ఫ్యాక్టరీ రీస్టోర్ అని కనిపించే, అన్నీ చెరిపేసే ఎంపిక జోలికి కూడా వెళ్లవద్దు. వెనుక యూఎస్‌బీ రంధ్రం ఉంది గాని, అది మరమ్మతు నిపుణుల కోసం పెట్టినది. పెన్‌డ్రైవ్ పెట్టి దించుకునే వీలు దానితో లేదు.

ముందుగా మీ అన్నయ్యగారి కంప్యూటర్ డిస్కును వెతికించండి. పెట్టెలో ఉన్నవి నకళ్లే కనుక అసలు వీడియోలు ఆ కంప్యూటర్‌లోనే ఉండి ఉంటాయి. కంప్యూటర్ పాడైనంత మాత్రాన డిస్కు పాడైనట్లు కాదు.

అది దొరకకపోతే పెట్టెను ఆన్ చేసి వాడటం ఆపి, ప్లగ్గు తీసేయండి. దీనికి ఆపే స్విచ్ లేదు. ప్లగ్గులో ఉన్నంతకాలం పాత డిస్కు వేడెక్కి అరుగుతూనే ఉంటుంది. తరువాత డిస్కులోని సమాచారాన్ని తిరిగి తీయడంలో అనుభవమున్నవారి దగ్గరికి తీసుకెళ్లండి. అడుగున ఉన్న రబ్బరు పొర లేపితే మరలు కనిపిస్తాయి. లోపల పాత ల్యాప్‌టాప్‌లలో వాడిన రెండున్నర అంగుళాల ఐడీఈ డిస్కు ఉంటుంది. ఐడీఈని యూఎస్‌బీకి మార్చే తీగతో దాన్ని మాక్ కంప్యూటర్‌కే తగిలించమని చెప్పండి. ఆ డిస్కు యాపిల్ పద్ధతిలో ఉంటుంది కనుక విండోస్ కంప్యూటర్ దాన్ని గుర్తించక, ఫార్మాట్ చేయాలా అని అడగవచ్చు. వద్దు అనే నొక్కాలని, ముందుగా డిస్కు మొత్తానికి నకలు తీసి ఆ నకలు మీదనే పని చేయాలని వారికి మరీ మరీ చెప్పండి. వీలైతే పక్కనే కూర్చుని చేయించుకోండి.