దుభాషి సీను ముందు రాయి

అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. రాత బాగుంది. నీ హీరో పరాయి దేశంలో ఆశ్రయం అడిగే ట్రిబ్యునల్ సీను మాత్రం సినిమా కోర్టులా ఉంది. లాయరు బల్ల గుద్దుతాడు, నీ హీరో చొక్కా విప్పి వీపు మీద మచ్చలు చూపిస్తాడు, జడ్జి కళ్లు తుడుచుకుంటాడు, ఆశ్రయం వచ్చేస్తుంది. అలా జరగదమ్మా.

మచ్చలు గట్టి సాక్ష్యమే, కానీ అవి నిన్నటి సంగతి చెబుతాయి. అక్కడ తేల్చేది రేపటి సంగతి: ఇతన్ని వెనక్కి పంపితే ఏమవుతుంది? 1951 శరణార్థుల ఒప్పందం ప్రకారం భయం ఉంటే చాలదు, దానికి తగిన ఆధారం ఉండాలి. అందుకే ఆ దేశం పరిస్థితి మీద నివేదికలు ముందేసుకుని అతని మాటల్ని వాటితో పోల్చి చూస్తారు. పైగా పీడనకు కారణం జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, లేదా ఫలానా సామాజిక సమూహానికి చెందడం అయ్యుండాలి. నీ హీరోని తరిమేది అప్పులవాళ్లు. ప్రాణభయం నిజమే, కానీ ఈ ఐదింటిలో ఏ గుమ్మంలోంచి లోపలికొస్తాడు? ముందు అది తేల్చుకో.

‘ఏ సందేహం లేకుండా నిరూపించు’ అని జడ్జి చేత అనిపించావు. అది క్రిమినల్ కేసు మాట, కొట్టెయ్. ప్రమాదం జరిగే అవకాశం సగానికన్నా తక్కువైనా భయానికి ఆధారం ఉండొచ్చని 1987లో అమెరికా సుప్రీంకోర్టే అంది. పది శాతం ఉదాహరణ కూడా ఇచ్చింది.

ఇక నమ్మడం, నమ్మకపోవడం. చాలా కేసులు పోయేది ఇక్కడే, నీ కథలో లేనిదీ ఇదే. ఇలా ఊహించు. మొదటి ఇంటర్వ్యూలో దుభాషి ‘అంకుల్ ఇంట్లో దాక్కున్నాడు’ అంటాడు. అధికారి బాబాయి అనుకుని అలాగే రాసుకుంటాడు. ఏడాది తర్వాత విచారణలో ఇంకో దుభాషి సరిగ్గా ‘మేనమామ’ అంటాడు. ‘ఇందులో ఏది నిజం?’ అని అడుగుతారు. అతను తెల్లబోతాడు. తను రెండుసార్లూ ఒక్క మాటే అన్నాడు మరి!

దెబ్బలు తిన్నవాడికి సెల్‌లో కుళాయి కారిన చప్పుడు గుర్తుంటుంది, అది మంగళవారమో బుధవారమో గుర్తుండకపోవచ్చు. తడబడితే అబద్ధమంటారు. గడగడా అప్పజెబితే బట్టీ పట్టాడంటారు. మొత్తం కథనం పొసగి నమ్మదగ్గట్టుంటే, రుజువు లేని చోట సంశయలాభం ఇవ్వాలని, అంటే అనుమానాన్ని అతనికి అనుకూలంగానే తీసుకోవాలని ఐరాస శరణార్థుల సంస్థ హ్యాండ్‌బుక్ చెబుతుంది. ఆ ‘నమ్మదగ్గట్టు’ అనే మాట దగ్గరే గొడవంతా.

‘నోరు మూసుకుని బతకొచ్చుగా?’ అన్న ప్రశ్న మాత్రం ఉంచు, భలే పట్టుకున్నావు. ఇరాన్, కామెరూన్‌ల నుంచి వచ్చిన ఇద్దరు గే పురుషుల కేసులో 2010లో బ్రిటన్ సుప్రీంకోర్టు దీనికే జవాబిచ్చింది: పీడిస్తారన్న భయంతోనే దాచుకుని బతకాల్సొస్తే, ఆ వంకతో ఆశ్రయం కాదనకూడదు. ‘వేరే ఊరెళ్లి బతకొచ్చుగా?’ అని కూడా అడుగుతారు. దానికి నీ హీరో ఏమంటాడో నాకు తెలియాలి.

జడ్జిని దేవుణ్ణీ చెయ్యకు, రాక్షసుణ్ణీ చెయ్యకు. దుభాషి సీను ముందు రాసి పంపు. తీర్పు సంగతి తర్వాత చూద్దాం.